అక్వేరియంలో నీరు మూలమూలకీ తిరగాలంటే: రెండడుగుల తొట్టెతో సమగ్ర మార్గదర్శి

రోహిణి కార్తెలో ఒక తెల్లవారుజామున లేచి చూస్తే మా తొట్టెలోని మోలీ చేపలన్నీ నీటి పైకి చేరి నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. మోటారు ఆడుతూనే ఉంది. ఫిల్టరు మూతి దగ్గర నీళ్లు ఎగిరెగిరి పడుతున్నాయి. చూసినవాళ్లెవరైనా నీళ్లు బాగానే తిరుగుతున్నాయనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. మోటారు చాలడం లేదేమోనని మర్నాడు రెట్టింపు సామర్థ్యం ఉన్నది తెచ్చి బిగించాను. ఆ తాకిడికి చేపలన్నీ రాయి చాటుకు పోయి దాక్కున్నాయి. ఎడమవైపు వెనక మూలలో పేరుకున్న చెత్త మాత్రం ఇసుమంతైనా కదల్లేదు.

ఆ మూలకు నీరు వెళ్లే దారే లేదని తెలుసుకోవడానికి నాకు ఇంకో వారం పట్టింది. తెలిశాక కొత్త మోటారు తీసేసి పాతదే పెట్టాను. ఇప్పటికీ అదే ఆడుతోంది. ఆ వారంలోనూ ఆ తర్వాతా నేర్చుకున్నదంతా వరుసగా చెబుతాను. కొత్త సామాను కొనడం ఈ వరుసలో చాలా చివరన వస్తుంది.

మా తొట్టె 24 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 15 ఎత్తు. మీది వేరే సైజైనా లెక్క వేసే పద్ధతి ఒకటే.

నీరు ఎందుకు తిరగాలి

నీటిలోకి ఆక్సిజన్ ప్రధానంగా పైపొర నుంచే వస్తుంది. ఎయిర్ స్టోన్ (పంపు గాలిని సన్న బుడగలుగా వదిలే రాయి) నుంచి వచ్చే బుడగలే చేపలకు గాలి అందిస్తాయని చాలామంది అనుకుంటారు. బుడగ పైకి చేరేలోపు దానిలోంచి నీటిలో కరిగేది కొంచెమే. బుడగలు చేసే పెద్ద పని వేరే ఉంది. అడుగు నీటిని తమతో పైకి లాక్కొచ్చి, పైపొరను కదుపుతాయి. అలా పైకొచ్చిన నీరు గాలి పీల్చుకుని కిందికి దిగాలి, కింది నీరు పైకి రావాలి. ఈ రాకపోకలు ఆగితే పైన ఎంత గాలి ఉన్నా అడుగున ఉన్న చేపకు ఉపయోగం లేదు.

మన ఎండాకాలంలో ఈ ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీలకు వచ్చేసరికి అది 7.5కి పడిపోతుంది. అదే వేడికి చేప ఒంట్లో ఖర్చు పెరిగి దానికి కావాల్సిన ఆక్సిజన్ ఎక్కువవుతుంది. సరఫరా తగ్గే వేళకే గిరాకీ పెరుగుతుందన్నమాట. పైగా రాత్రిపూట మొక్కలు కూడా ఆక్సిజన్ తీసుకుంటాయి కాబట్టి తెల్లవారుజాముకు నీటిలో అది అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో రాత్రంతా ఏరేటర్లు తిప్పేది ఈ కారణంతోనే. మన హాల్లో ఉన్న తొట్టె కూడా ఆ చెరువుకు చిన్న రూపమే.

ఇక ఫిల్టరు స్పాంజిలో, గులకరాళ్ల మీద ఉండే మంచి బ్యాక్టీరియా సంగతి. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను అవి ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి. ఆ పనికి వాటికీ ఆక్సిజన్ కావాలి, అమ్మోనియా వాటి దాకా చేరాలి. నీరు కదలకపోతే రెండూ జరగవు.

మొదటి పని: తెల్లవారుజామున చూడటం

సామాను ముట్టుకోకముందు మూడు రోజులు ఊరికే చూడండి. లైటు వేయకముందు, ఐదూ ఐదున్నర మధ్య అయితే మంచిది. పగలు మామూలుగా కనిపించే తొట్టె ఆ వేళకు నిజం చెబుతుంది.

చేపలు పైకి చేరి నోరు ఆడిస్తున్నాయా, మొప్పలు గబగబా కొట్టుకుంటున్నాయా, అన్నీ ఫిల్టరు నీరు పడే చోటే గుమిగూడాయా చూడండి. ఫైటరు, గౌరామీ వంటివి పైకి వచ్చి గాలి మింగడం వాటి సహజ లక్షణం, దాన్ని చూసి కంగారు పడొద్దు. మోలీ, గప్పీ, గోల్డ్‌ఫిష్ గుంపుగా అలా చేస్తుంటే మాత్రం ఏదో లోటు ఉన్నట్టే. ఒక్కోసారి అది అమ్మోనియా పెరగడం వల్ల కూడా కావచ్చు. అందుకే చేతికందే టెస్ట్ కిట్ ఉంటే అదే రోజు నీటిని పరీక్షించండి.

తర్వాత పైపొర. పక్కనుంచి వాలుగా చూస్తే జిడ్డు తెట్టు కట్టి, ఇంద్రధనుస్సు రంగులు మెరుస్తుంటే పైన కదలిక చాలడం లేదని అర్థం. ఒక న్యూస్‌పేపరు ముక్క నీటి మీద పరిచి మెల్లగా ఎత్తితే ఆ తెట్టు దానికి అంటుకుని వస్తుంది. అది ఆ పూటకే. కదలిక సరిచేయకపోతే రెండు రోజుల్లో మళ్లీ కడుతుంది.

చివరగా అడుగు. చెత్త ఎక్కడెక్కడ కుప్పపడుతోందో గుర్తుపెట్టుకోండి. ఇసుక ఎక్కడైనా నల్లబడి, కదిపితే కుళ్లిన గుడ్డు వాసనతో బుడగలు వస్తే అక్కడ చాలాకాలంగా నీరు ఆడటం లేదు. అలాంటి చోటును ఒక్కసారిగా కలియబెట్టకండి. సైఫన్ గొట్టంతో కొద్దికొద్దిగా, రెండు మూడు వారాల్లో శుభ్రం చేయండి.

రెండో పని: కొబ్బరి ఈనె, కుట్టు దారం

నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

చీపురు నుంచి కాకుండా శుభ్రంగా ఉన్న కొబ్బరి ఈనె ఒకటి తీసుకుని, చివర రెండంగుళాల తెల్ల నూలు దారం కట్టండి. దారం తడిశాక బరువెక్కి వేలాడుతుంది, ఏమాత్రం నీరు కదిలినా అటు వాలుతుంది. తొట్టెను పైనుంచి చూస్తూ మనసులో తొమ్మిది గళ్లుగా విడదీసుకోండి: వెనక మూడు, మధ్య మూడు, ముందు మూడు. ఒక్కో గడిలో ఈనెను ముందు పైన రెండంగుళాల లోతులో, తర్వాత అడుగుకు రెండంగుళాల ఎత్తులో పెట్టి, పది సెకన్లు కదలకుండా పట్టుకుని దారం ఎటు పోతోందో చూడండి. కాగితం మీద తొమ్మిది గళ్లు గీసి బాణం గుర్తులు వేయండి. దారం గట్టిగా చాచుకుంటే పెద్ద బాణం, మెల్లగా ఊగితే చిన్న బాణం, నిలువుగా వేలాడితే సున్నా.

మా తొట్టెలో మొత్తం 18 చోట్ల చూస్తే 7 చోట్ల సున్నాలు వచ్చాయి. కుడివైపు గళ్లలో ఒక్కటీ లేదు, ఏడింటిలో ఐదు అడుగునే. ఫిల్టరు కుడివైపు వెనక మూలలో ఉంది. దాని మూతి నుంచి వచ్చే నీరు ఎదురుగా ఉన్న ముందు అద్దానికి తగిలి, కిందికి దిగి, మళ్లీ అదే ఫిల్టరులోకి దూరుతోంది. అంటే నీరు కుడివైపు ఎనిమిది అంగుళాలలోనే గిరగిరా తిరుగుతోంది. దీనికి తోడు మధ్యలో ఉన్న పెద్ద రాయి వెనక అద్దానికి ఆనుకుని ఉంది. ఎడమ మూల దానికదే ఒక మడుగైపోయింది. కొత్త మోటారు చేసిందల్లా ఆ కుడివైపు సుడిని ఇంకాస్త జోరుగా తిప్పడమే.

మూడో పని: ఎంత నీరు, ఎంత వేగం

పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. మాది 61 × 30.5 × 38, అంటే సుమారు 70 లీటర్లు. అడుగున రెండంగుళాల గులకరాళ్లు, పైన ఒకటిన్నర అంగుళాల ఖాళీ తీసేస్తే అసలు నీరు 55 లీటర్లు. దుకాణంలో చెప్పే 70 లీటర్ల లెక్క ఖాళీ తొట్టెది.

మామూలు మంచినీటి చేపలకు గంటలో తొట్టె నీరు 4 నుంచి 6 సార్లు ఫిల్టరు గుండా పోతే సరిపోతుంది. మాకు గంటకు 220 నుంచి 330 లీటర్లు కావాలి. మోటారు డబ్బా మీద 600 అని ఉంది. ఆ అంకె స్పాంజి లేకుండా, ఎత్తుకు ఎక్కించకుండా, కొత్త మోటారుతో కొలిచినది. స్పాంజి పెట్టి, గొట్టం తగిలించాక అందులో సగం వచ్చినా మంచిదే.

అసలు అంకె కావాలంటే మీరే కొలవాలి. ఫిల్టరు మూతికి చిన్న గొట్టం తగిలించి తొట్టె అంచు మీదుగా బయటికి తెచ్చి, లీటరు మగ్గు నిండడానికి ఎన్ని సెకన్లు పడుతుందో ఫోనులో చూడండి. 3600ను ఆ సెకన్లతో భాగిస్తే గంటకు ఎన్ని లీటర్లో తెలుస్తుంది. మా మోటారుకు 20 సెకన్లు పట్టింది, అంటే గంటకు 180 లీటర్లు. గొట్టం అంచు దాటాలి కాబట్టి అసలు ప్రవాహం దీనికంటే కొంచెం ఎక్కువే ఉంటుంది, అయినా ప్రతిసారీ ఒకే ఎత్తులో కొలిస్తే పోల్చుకోవడానికి ఇది చాలు. తొట్టె అంచుకు తగిలించే హ్యాంగింగ్ ఫిల్టరు అయితే నీరు జారే చోట సగానికి కోసిన ప్లాస్టిక్ సీసా పట్టి కొలవచ్చు.

నాలుగో పని: ఉన్న మోటారును శుభ్రం చేయడం

ముందు ప్లగ్ తీయండి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పూర్తిగా తీశాకే తొట్టెలో చేయి పెట్టాలి. వైరు సాకెట్ కంటే కిందికి ఒక ఉచ్చులా వేలాడుతూ ఉండాలని కూడా ఇప్పుడే చూసుకోండి. వైరు మీదుగా కారే నీటి చుక్క ఆ ఉచ్చు దగ్గర కింద పడిపోతుంది, సాకెట్‌లోకి పోదు.

మోటారు ముందు మూత తీస్తే చిన్న అయస్కాంతపు కడ్డీకి రెక్కలు అమర్చిన ఇంపెల్లర్ కనిపిస్తుంది. దాన్ని బయటికి లాగి, కడ్డీ చుట్టూ ఉన్న పాకుడును పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో దాని మీద తెల్లటి ఉప్పు పెళుసులా కడుతుంది. తెల్ల వెనిగర్‌లోగానీ నిమ్మరసం కలిపిన నీళ్లలోగానీ అరగంట నానబెడితే అది ఊడిపోతుంది. తర్వాత మంచినీళ్లతో బాగా కడగండి. ఇంపెల్లర్ కూర్చునే గుంత లోపల కూడా దూదిపుల్లతో తుడవండి, అసలు అడ్డం ఎక్కువగా అక్కడే ఉంటుంది.

స్పాంజిని కుళాయి నీటి కింద పెట్టొద్దు. మున్సిపాలిటీ నీళ్లలోని క్లోరిన్ అందులోని మంచి బ్యాక్టీరియాను చంపేస్తుంది. తొట్టెలోంచి తీసిన బకెట్ నీళ్లలోనే నాలుగైదు సార్లు పిండండి, నీరు టీ రంగుకు తేలేదాకా. తళతళలాడాల్సిన పనిలేదు. సన్నటి తెల్ల దూది పొర ఉంటే అది వారం పది రోజుల్లోనే మూసుకుపోతుంది. నీటి దారిలో దాన్ని ముతక స్పాంజి తర్వాతే ఉంచండి. స్పాంజి, సిరామిక్ రింగులు అన్నీ ఒకే రోజు కడిగేయకుండా రెండు వారాల తేడాతో చేయండి.

శుభ్రం చేశాక మా మగ్గు 12 సెకన్లలో నిండింది. గంటకు 300 లీటర్లు. కావాల్సింది అదే మోటారులో ఉంది.

ఐదో పని: దారి మార్చడం

పొడవాటి తొట్టెలో నీరు పొడవునా ప్రయాణించాలి. ఒక చివర పైన వదిలిన నీరు అటు చివర అద్దానికి తగిలి, కిందికి దిగి, అడుగు వెంబడి చెత్తను తోసుకుంటూ వెనక్కి రావాలి. అందుకే నీరు పీల్చే నోటిని, వదిలే మూతిని ఒకే చివర, ఒకటి కింద ఒకటి పైన పెడితే చిన్న తొట్టెల్లో బాగా పనిచేస్తుంది. పీల్చే నోరు గులకరాళ్లకు రెండంగుళాల ఎత్తులో ఉండాలి. చేపపిల్లలు, చిన్న రొయ్యలు ఉంటే దానికి ముతక స్పాంజి ముక్క తొడగండి.

నీరు ఒకే ధారగా కాకుండా వెడల్పుగా రావడానికి స్ప్రే బార్ వాడతారు. దాన్ని ఇంట్లోనే చేసుకోవచ్చు. కుళాయి పనులకు వాడే అరంగుళం సీపీవీసీ పైపు పది అంగుళాలు కోసి, ఒక చివర మూత బిగించండి, జిగురు వేయకుండా. 3 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌తో వరుసగా 16 రంధ్రాలు చేయండి. ఆ 16 రంధ్రాల మొత్తం వైశాల్యం పైపు లోపలి రంధ్రానికి దాదాపు సమానం. అంతకంటే బాగా తక్కువ చేస్తే నీరు వెనక్కి ఒత్తి ప్రవాహం తగ్గుతుంది. ఎక్కువ చేస్తే అన్ని రంధ్రాల్లోంచి నీరు సమానంగా రాదు. లోపలి గరుకు పొట్టు తీసేసి, కడిగి, ఫిల్టరు మూతికి సరిపడే గొట్టం ముక్కతో కలపండి.

ఈ బార్‌ను తొట్టె వెడల్పు వైపు, నీటికి అరంగుళం లోతులో, రంధ్రాలు అటు చివరకు చూస్తూ కాస్త పైకి తిరిగి ఉండేలా అమర్చండి. పైన సన్నని అలలు రావాలి. మొక్కల కోసం కార్బన్ డయాక్సైడ్ ఇచ్చేవాళ్లు మాత్రం రంధ్రాలను నేరుగా ఉంచి, అల పుడితే చాలనుకోవాలి. ఎక్కువగా చిమ్మితే ఆ గ్యాస్ అంతా గాలిలో కలిసిపోతుంది.

రాళ్లు, దుంగలు వెనక అద్దానికి కనీసం రెండంగుళాల దూరం జరపండి. మా పెద్ద రాయిని అలా జరిపి, పొడవు వైపు కొంచెం ఏటవాలుగా తిప్పి పెట్టాక మళ్లీ దారం పెట్టి చూశాను. ఏడు సున్నాల్లో ఒకటే మిగిలింది, ఎడమ వెనక మూల అడుగున. మోలీలు మర్నాటి సాయంత్రానికి తొట్టె అంతా తిరిగాయి.

ఆరో పని: మిగిలిన మూలకు గాలి

ఆ ఒక్క మూల కోసం మరో మోటారు అక్కర్లేదు. ఎయిర్ పంపుతో నడిచే చిన్న స్పాంజ్ ఫిల్టరు చాలు. బుడగలు గొట్టంలోంచి పైకి పోతూ అడుగు నీటిని స్పాంజి గుండా లాగుతాయి. మూల కదులుతుంది, అదనంగా బ్యాక్టీరియాకు ఇంకో ఇల్లు దొరుకుతుంది. ఉత్త ఎయిర్ స్టోన్ కంటే నేను దీన్నే కొనమంటాను.

ఎయిర్ పంపును నీటి మట్టం కంటే ఎత్తులో పెట్టండి. అది కుదరకపోతే గాలి గొట్టం మధ్యలో, నీటిని వెనక్కి రానివ్వని చెక్ వాల్వ్ తప్పనిసరి. లేకపోతే కరెంటు పోయినప్పుడు నీరు గొట్టంలో వెనక్కి వచ్చి పంపులోకి, అక్కడి నుంచి నేల మీదకి వస్తుంది.

మూడు నాలుగు అడుగుల తొట్టెల్లో ఇంత చేశాక కూడా సున్నాలు మిగిలితే అప్పుడు చిన్న పవర్‌హెడ్ (నీటిని తోసే మోటారు) ఒకటి, ఫిల్టరుకు ఎదురు చివర కాకుండా అదే దిశలో నీటిని ముందుకు తోసేలా పెట్టండి. ఎదురెదురు ప్రవాహాలు మధ్యలో ఢీకొని అక్కడే చెత్త దింపుతాయి. సముద్రపు తొట్టెల కోసం చేసే, అలలు పుట్టించే వేవ్‌మేకర్లు రెండడుగుల మంచినీటి తొట్టెకు పనికిరావు, వాటి తాకిడి చేపలను అలసగొడుతుంది.

మీ చేప ఏమంటోంది

ఫైటరు చేప పొడవాటి రెక్కలతో ఎదురు ఈదలేదు. దానికి మెల్లగా ఆడే స్పాంజ్ ఫిల్టరు ఒక్కటి చాలు. ఏంజెల్, గౌరామీ కూడా నిదానమైన నీటినే ఇష్టపడతాయి. జీబ్రా డానియో మన దేశపు వాగుల చేప, ప్రవాహంలో ఆడుకుంటుంది. గుండ్రటి ఒళ్లున్న గోల్డ్‌ఫిష్‌తోనే చిక్కు: వ్యర్థాలు ఎక్కువ చేస్తుంది కాబట్టి ఫిల్టరు ఎక్కువ కావాలి, ఈత సరిగా రాదు కాబట్టి తాకిడి తక్కువ ఉండాలి. దానికి స్ప్రే బార్‌ను మించిన ఉపాయం లేదు.

చేపలు రోజంతా వస్తువుల చాటున ఉన్నా, ఒకే చోట నిలవడానికి తోక కొట్టుకుంటూనే ఉన్నా, వేసిన మేత నోటికందక సుళ్లు తిరుగుతున్నా ప్రవాహం ఎక్కువైందని తెలుసుకోండి. రంధ్రాలను అద్దం వైపు తిప్పితే వెంటనే తగ్గుతుంది.

ఎండాకాలం, కరెంటు కోత

మూత కొంచెం తీసి చిన్న ఫ్యాన్ గాలి నీటి మీదుగా పోయేలా పెడితే ఆవిరితో పాటు వేడి తగ్గుతుంది. హైదరాబాద్ పొడి ఎండలో ఇది బాగా పనిచేస్తుంది, విజయవాడ, విశాఖ ఉక్కపోతలో కొంత తక్కువ. మూత తీసిన చోట వల కట్టండి, చేపలు ఎగురుతాయి. నీటి మట్టం రోజూ చూసి, క్లోరిన్ తీసిన నీరు కలపండి. మట్టం తగ్గి మోటారు గాలి పీలిస్తే కాలిపోతుంది.

కరెంటు పోతే మేత వేయకండి. బ్యాటరీ ఎయిర్ పంపు ఉంటే ఆ స్పాంజ్ ఫిల్టరుకే తగిలించండి. అదీ లేకపోతే అరగంటకోసారి మగ్గుతో తొట్టె నీళ్లే తీసి, అడుగు ఎత్తు నుంచి పది పదిహేనుసార్లు పోయండి. పిల్లలకు అప్పజెబితే సంతోషంగా చేస్తారు. బయట పెట్టే కానిస్టర్ ఫిల్టరు గంటల తరబడి ఆగిపోతే లోపలి నీరు చెడుతుంది. కరెంటు వచ్చాక దాన్ని తెరిచి ఆ నీరు పారబోసి, స్పాంజిని తొట్టె నీళ్లలో జాడించాకే మళ్లీ వేయండి.

ఇన్వర్టర్ ఉన్నవాళ్లు తొట్టె ప్లగ్‌ను ఆ లైనులోకి మార్చుకోండి. 5 వాట్ల మోటారు, 3 వాట్ల ఎయిర్ పంపు కలిపి నెలంతా రాత్రింబవళ్లు నడిచినా 6 యూనిట్లు దాటదు. రాత్రి కరెంటు ఆదా అని ఫిల్టరు ఆపేసేవాళ్లను చూశాను. చేపలకు గాలి అవసరమైన గంటలు సరిగ్గా అవే.

మార్పులన్నీ అయ్యాక వారం తర్వాత మళ్లీ తెల్లవారుజామున లేచి చూడండి, దారం పెట్టండి, మగ్గు పట్టండి. మొక్కలు పెరిగాక, రాయి జరిపాక దారులు మారిపోతాయి, అందుకని ఆ తొమ్మిది గళ్ల కాగితం పారేయకండి. మాది తొట్టె స్టాండు తలుపు లోపల అతికించి ఉంది, పక్కన పెన్సిల్‌తో 12 సెకన్లు అని రాసి ఉంది. నెలకోసారి కొలుస్తాను. 15 దాటిందంటే ఆ ఆదివారం మోటారు విప్పుతాను.